గోలీ మీద చాయ్

మా దుకాణంలో బలపాలు తగ్గిపోతున్న సంగతి మొదట కనిపెట్టింది నేనే. ఇది గొప్పకు చెప్పడం లేదు. తర్వాత జరిగిన వాటిలో నా తప్పులు మాత్రమే ఏరుకుని మా బజారంతా నవ్వుతున్నారు కాబట్టి, నా ఖాతాలో ఉన్న ఈ ఒక్క ఒప్పును ముందే రాసి పెడుతున్నాను.

వరంగల్‌లో మాది చిన్న కిరాణా కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో పాత చీర తెర. తెరకు ఇవతల నేను. అవతల నా భార్య, కోడలు, పదో తరగతి చదువుతున్న మనవరాలు. కొడుకు పొద్దున్నే ఆటో తీసుకుని హనుమకొండ వైపు పోతే మళ్లీ అన్నం వేళకే కనిపిస్తాడు. ఇందులో అతనికి పెద్ద పని లేదు.

ఈ రోజుల్లో పలక మీద రాసే పిల్లలెక్కడ? అంగన్‌వాడీకి పోయే బుడ్డోళ్లకు తప్ప బలపం ఎవరికీ అక్కరలేదు. ఒక డబ్బా తెస్తే ఏడాది వస్తుంది. అలాంటిది బడులు తెరిచిన నెలలోనే డబ్బా సగానికి దిగింది. నాకు ఒళ్లు మండింది. ఎలుకల పని అని తేల్చేశాను.

"ఎలుకలు బలపాలు తింటయా?" అంది నా భార్య. "ఏం, అక్షరాలు దిద్దుకుంటానయా?"

"నీకేం తెలుసు? ఎలుకలకు పండ్లు పెరుగుతనే ఉంటయి. అరగదీసుకోవాలె. పేపర్ల చదివిన."

"అరగదీసుకున్నంక ఏం చేస్తయో అది గుడ చదివినవా?"

అది చదవలేదు. ఎందుకు చదవలేదో చెప్పాలంటే నా చదువు గురించి చెప్పాలి.

నేను బడికి పోయింది రెండో తరగతి దాకే. మిగతా చదువంతా పొట్లాల కాగితాల మీద. పాత పేపర్లు తెచ్చి సగానికీ పావుకీ చింపి పెట్టుకుంటాను. వాటిలోనే జీలకర్ర, ఆవాలు, మిరియాలు కట్టి ఇస్తాను. గిరాకీ లేనప్పుడు ఆ ముక్కలే చదువుతాను. అలా యాభై ఏళ్లు చదివాను, చదివింది మర్చిపోలేదు. నాకు తెలియని విషయం లేదు. కాకపోతే ప్రతి విషయమూ సగమే తెలుసు. రాకెట్ ఎలా లేస్తుందో చెప్పగలను, ఎలా దిగుతుందో చెప్పలేను. కిడ్నీలో రాళ్లు ఎందుకు పుడతాయో తెలుసు. ఎలా కరుగుతాయో రాసి ఉన్న ముక్క మాత్రం మినప్పప్పుతో పాటు ఎవరింటికో పోయింది. తక్కువైన సగాన్ని నా బుర్రతో పూర్తి చేసుకుంటాను. ఆ పద్ధతి నన్ను ఎప్పుడూ మోసం చేయలేదు. చేసి ఉంటే ఆ కబురు నా దాకా రాలేదు.

సరే, బోను పెట్టాను. ఎరగా బలపమే పెట్టాను. తెల్లారి చూస్తే బోను ఖాళీ, బలపం మాయం. ఇంత తెలివైన ఎలుకను కళ్లారా చూడాలనిపించి ఒక ఆదివారం మధ్యాహ్నం బోనులో మళ్లీ బలపం పెట్టి, బియ్యం బస్తాల వెనక నిద్రపోయినట్టు పడుకున్నాను. కాసేపటికి తెర కదిలింది. మనవరాలు అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. బోను తలుపును ఒక వేలితో ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో బలపం లాగి, కరకరా నమలడం మొదలుపెట్టింది.

"దొరికినవ్!" అని లేచాను. పిల్ల ఉలిక్కిపడింది. బోను పడ్డది నా బొటనవేలి మీద.

"ఏందే గది? నోరు తెరువు."

తెరిచింది. నాలుక మీద సున్నం కొట్టినట్టు ఉంది.

"ఆకలైతే డబ్బల బిస్కట్లు లేవా బిడ్డా? బలపం తినుడేంది?"

"బిస్కట్లు మంచిగనిపిస్తలేవు తాత. బలపమైతే మస్తుంటది. వాన పడ్డ మట్టి వాసనొస్తది. ఒక్కటి తిన్నంక ఇంకోటి తినాలనిపిస్తది."

"గంత మంచిగుంటదా?"

"నువ్వు గుడ ఒకటి తిను."

తిన్నాను. ఏమీ బాగా లేదు. ఈ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.

డబ్బా తీసుకుపోయి దేవుడి గూట్లో పెట్టి, పిల్లకు పది నిమిషాలు బుద్ధులు చెప్పాను. అంతటితో అయిపోయిందనుకున్నాను. నా చదువు సంగతి మళ్లీ చూశారు కదా. సగం చూసి మిగతాది పూర్తి చేసుకోవడం.

ఇప్పుడు ఖో-ఖో గురించి చెప్పాలి. నా మనవరాలు వాళ్ల బడి ఖో-ఖో జట్టులో ఆడుతుంది. మా కొట్టు ముందు రేకుల పందిరికి ఒక కర్ర గుంజ ఉంది. ఖో-ఖోలో కోర్టుకు రెండు చివరలా పాతే స్తంభం ఇదే అనుకుని ఆ పిల్ల రోజూ సాయంత్రం దూరం నుంచి ఉరికొచ్చి, దాన్ని ఒక చేత్తో పట్టుకుని, గాలిలో చాపలా పరుచుకుని, ఎదుటివాళ్లను ముట్టేది. ఎదుటివాళ్లంటే మా గిరాకీ. ఉప్పు ప్యాకెట్ కోసం వచ్చిన ఒక పెద్దమ్మ ఔటైపోయి, నెల రోజులు మా కొట్టు మెట్లెక్కలేదు. ఎన్నిసార్లు తిట్టినా పిల్ల మానలేదు. అలాంటిది బడులు తెరిచాక ఆ దూకుడు దానంతటదే తగ్గింది. బడి నుంచి రాగానే మెట్ల మీద కూర్చునేది. గుంజకు తల ఆనించి కళ్లు మూసుకునేది. "పెద్దదైంది, నిమ్మళం వచ్చింది" అని నేను మా ఆమెతో సంబరంగా చెప్పాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ తర్వాత వారమే బడిలో ఆడపిల్లలందరికీ వేలు పొడిచి నెత్తురు చూశారు. సాయంత్రం పిల్లను వెంటబెట్టుకుని ఆటల మేడం మా కొట్టుకు వచ్చింది. ఈమె మాకు పాత గిరాకీ. వారానికోసారి పల్లీలు కొంటుంది, తూకం అయ్యాక "ఇగ కొసరెయ్యి పెద్దాయనా" అని చెయ్యి చాపుతుంది. ఆ రోజు పల్లీలు అడగలేదు.

"పెద్దాయనా, నీ మనవరాలికి రక్తం ఎనిమిదే ఉన్నది."

"ఎనిమిదేంది? లీటర్లా?"

"హిమోగ్లోబిన్. మంచిగున్న పిల్లకు పన్నెండు ఉండాలె. రెండు నెలలల్ల కాజీపేటల రైలెక్కాలె మేము, రాష్ట్ర పోటీలకు. ఈమె లేకపోతే నా జట్టు సగం జట్టు. గాని పది దాటకపోతే నేను తీసుకపోను. నిరుడు ఒక పిల్ల కోర్టులనే కండ్లు తిరిగి పడ్డది. వాళ్ల అమ్మకు జవాబు చెప్పలేక సచ్చిన."

మనవరాలు గుంజ పట్టుకుని నిలబడి నేల చూస్తోంది. కాజీపేట రైళ్ల కూత మా ఇంటి దాకా వినిపిస్తుంది. పుట్టినప్పటి నుంచి వింటున్న రైలును ఆ పిల్ల ఎక్కింది ఎన్నడూ లేదు. ఎక్కితే జట్టుతోనే ఎక్కుతానని రెండేళ్లుగా అంటోంది.

"బలపాలు గిట్ల తింటాందా?" అని అడిగింది మేడం.

నేను ఆశ్చర్యపోయాను. "మీకెట్ల తెలుసు?"

"నెత్తురు తక్కువున్న పిల్లలు సాన మంది తింటరు. బలపాలు, పచ్చి బియ్యం, మట్టి. ఒంట్ల ఇనుము తక్కువైతే గట్లనే అనిపిస్తదట."

అంటే నేను పది నిమిషాలు తిట్టింది జబ్బును. సరే, ఆ సంగతి తేలిపోయింది కాబట్టి ఇక నేను ఊరుకుంటానా? ఇనుము తక్కువైతే ఇనుము వెయ్యాలి. ఇది చిన్న లెక్క. ఇంట్లో ఆడవాళ్లు తోటకూర అంటారు, గుడ్లు అంటారు. తోటకూరలో ఇనుము ఎవరికి కనిపించింది? మా కొట్టులో కనిపించే ఇనుము బోలెడంత ఉంది. ఎలక్ట్రానిక్ కాంటా వచ్చినప్పటి నుంచి పాత తూకపు బాట్లు మూలన పడి ఉన్నాయి. అరకిలో బాటు ఒకటి తీసి, బూడిదతో తోమి, ఎండబెట్టి, పప్పు ఉడుకుతుండగా కోడలు నీళ్లు పట్టడానికి పోయిన సందు చూసి గిన్నెలో జారవిడిచాను. ఇనుప మూకుట్లో వండితే కూరకు ఇనుము దిగుతుందని ఒక ముక్కలో చదివాను. మూకుడు కన్నా బాటు గట్టిది కదా.

వడ్డించే వేళకు గరిటె ఠంగుమంది.

"అత్తమ్మా!" అని కోడలు కేక పెట్టింది. "పప్పుల అరకిలో బాటున్నది!"

"కిలో కాదు గద, నయం," అంది నా భార్య. ఆమెకు నేను ఎవరో తెలుసు కాబట్టి ఎవరు వేశారని అడగలేదు.

"ఉండనియ్యిండ్రి," అన్నాను తెర ఇవతల నుంచి. "అది మందు."

"మామా, మందైతే మీరు మింగుండ్రి," అని కోడలు పప్పంతా పారబోసింది. ఆ పూట అందరం పచ్చి పులుసుతో తిన్నాం. పాపం, పిల్ల కూడా.

బడిలో నెత్తురు చూశాక మా గల్లీ దవాఖానలో పిల్లకు ఇచ్చిన ఇనుము గోలీలు అప్పుడు నా చేతికి వచ్చాయి. ఎవరూ ఇవ్వలేదు, నేనే లాక్కుని నా దగ్గర పెట్టుకున్నాను. ఈ పిల్లలు గోలీ మింగినట్టు చేసి కిటికీలోంచి పారేస్తారని నాకు తెలుసు. పైగా నా దగ్గర చదువు ఉంది. సరిగ్గా ఆ వారమే పొట్లాల కాగితాల్లో ఒక సగం పేజీ దొరికింది. ఎదిగే ఆడపిల్లలకు నెత్తురు ఎందుకు తగ్గుతుందో, గోలీ ఎందుకు వేసుకోవాలో అందులో వివరంగా ఉంది. నెలనెలా నెత్తురు పోతుంది, ఒళ్లు ఎదుగుతుంది, తినేది చాలదు అని రాశారు. చివర్లో, ఖాళీ కడుపుతో మింగితే కడుపులో తిప్పవచ్చు అని ఉంది. అక్కడ చిరిగింది.

మిగతా సగం ఎప్పటిలా నేనే పూర్తి చేశాను. కడుపులో తిప్పకూడదంటే ఏం చేయాలి? చాయ్ పోయాలి. మా ఇంట్లో జ్వరం గోలీ అయినా, నడుము నొప్పి గోలీ అయినా చాయ్‌తోనే దిగుతుంది. నీళ్లతో గోలీ మింగిన మనిషిని మా తాతల కాలం నుంచి నేను చూడలేదు.

అలా మొదలైంది. రోజూ సాయంత్రం పిల్ల బడి నుంచి రాగానే కొట్టులో స్టవ్ మీద చాయ్ పెట్టేవాణ్ని. మామూలు చాయ్ కాదు, నల్లగా మరిగించి, అల్లం దంచి వేసి, చిక్కటి పాలు పోసి, గరిటె నిలబడేలా. సాసర్లో పోసి, నేనే ఊది, గోలీ నాలుక మీద నేనే పెట్టి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా కదలనిచ్చేవాణ్ని కాదు. తర్వాత టార్చ్ లైటుతో నాలుక కింద చూసేవాణ్ని. ఒక్క రోజు తప్పలేదు. వానకు బజారంతా మోకాలి లోతు నీళ్లు నిలిచిన రోజు కూడా స్టవ్‌ను బియ్యం బస్తా మీద పెట్టి చాయ్ కాచాను.

వారం గడిచాక ఒక కంగారు వచ్చింది. పిల్లకు దొడ్డికి నల్లగా అవుతోందని కోడలు భయపడింది. "గోలీలు పనిచేస్తానయి, ఇనుము బయటికి గుడ కనవడ్తాంది," అన్నాను. ఆ ముక్క నిజంగానే పేపర్లో చదివాను, అది సాధారణమేనని. ఇది కూడా నా ఒప్పుల్లో వేసుకోండి.

నెల గడిచింది. మళ్లీ వేలు పొడిచారు. ఎనిమిది పాయింట్ రెండు.

నా నెత్తురు సలసలా మరిగింది. నెల రోజుల కష్టానికి పాయింట్ రెండా? ఆటల మేడం ఏమీ అనలేదు, నోట్‌బుక్‌లో పిల్ల పేరు పక్కన చిన్న ప్రశ్న గుర్తు పెట్టిందట. పిల్ల ఇంటికొచ్చి ఆ ప్రశ్న గుర్తు సంగతి చెప్పి, ఖో-ఖో బూట్లు కడిగి, కాగితంలో చుట్టి, పెట్టె మీద పెట్టేసింది. ఏడ్చి ఉంటే నేను ఓదార్చేవాణ్ని. అది ఏడవలేదు. బూట్లు అంత నీటుగా చుట్టడం నేను చూడలేకపోయాను.

పొద్దున్నే కొట్టు మూసి, ఖాళీ గోలీ పట్టీలన్నీ సంచిలో వేసుకుని, సాక్ష్యానికి భార్యనూ కోడలినీ మనవరాలినీ వెంటబెట్టుకుని, గల్లీ చివర దవాఖాన మీదికి పోయాను. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. పట్టీలన్నీ బల్ల మీద కుమ్మరించాను.

"అమ్మా, మీ గోలీలల్ల ఇనుము లేదు."

"ఎందుకట్ల అంటానవ్ పెద్దాయనా?"

"నెల దినాలు నా చేత్తోని ఏసిన. నాలుక కింద లైటు కొట్టి చూసిన. ఎనిమిదికి పాయింట్ రెండు పెరిగింది. గా పాయింట్ రెండు గుడ మీ మిషన్ దయ."

"దేంతోని ఏసినవ్?"

"చేత్తోని."

"గది కాదు. నీళ్లతోనా, దేంతోని?"

"నీళ్లతోని ఎవరన్న ఏస్తరా అమ్మా? చాయ్‌తోని. మంచి కడక్ చాయ్. ఈ బజార్ల అట్లాంటి చాయ్ మీకు దొరకది."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. నా తల వెనక గోడ వైపు చూపించింది. వెనక్కి తిరిగాను. అంతసేపూ నేను ఆనుకుని కూర్చున్నది ఒక పెద్ద బొమ్మల కాగితానికి. దాని మీద ఒక ఆడపిల్ల గోలీ మింగుతోంది. పక్కన చాయ్ గ్లాసు బొమ్మ. దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఎర్రగా ఇంటూ మార్కు.

"చాయ్‌ల ఒగరుంటది గద, అది ఇనుమును పట్టుకుంటది, నెత్తుర్లకు పోనియ్యది," అంది డాక్టరమ్మ. "గోలీకి ముందు ఎనక రెండు గంటలు చాయ్ ముట్టొద్దు. నువ్వు రోజు గోలీ ఇచ్చి, ఎంబడే చాయ్‌తోని బయటికి తోలిచ్చినవ్ పెద్దాయనా."

నేను మాట్లాడలేదు. నేను మాట్లాడకపోవడం మా ఆమె పెళ్లయినప్పటి నుంచి చూడలేదు కాబట్టి భయపడి నా వీపు మీద చెయ్యి వేసింది.

"నాకు చాయ్ ఇష్టమే లేదు తాత," అంది మనవరాలు మెల్లగా.

"మరి ఎందుకు తాగినవే?"

"నువ్వు ఊదుకుంట ఊదుకుంట ఇస్తానవ్ గద."

అక్కడితో వదిలేసినా బాగుండేది. కానీ డాక్టరమ్మ, ఇంకేమేం పెట్టారు అని అడిగింది. కోడలు ఇలాంటి ప్రశ్న కోసమే వచ్చినట్టు అరకిలో బాటు సంగతి మొత్తం చెప్పేసింది. డాక్టరమ్మ మొదట నవ్వింది, తర్వాత నవ్వు ఆపి, ఆ బాటు అడుగున తూకాల అధికారులు ముద్ర కొట్టే చోట సీసం పోసి ఉంటుందని, అది ఒంట్లోకి పోతే ప్రమాదమని, పప్పు పారబోసిన కోడలికి దండం పెట్టుకోమని చెప్పింది. కొత్త కాంటా వచ్చేదాకా ఆ బాట్లతోనే తూచాను. ముద్ర చూశాను, సీసం చూశాను. అది ఎందుకు విషమో రాసిన ముక్క మాత్రం నా చేతికి రాలేదు.

"అందరొచ్చిండ్రు గద, అందరు వేళ్లు చాపుండ్రి," అంది డాక్టరమ్మ.

కోడలికి తొమ్మిది. నాకు పదిహేను. నా భార్యకు ఏడున్నర.

"పదిహేనా!" అంది డాక్టరమ్మ. "మీ ఇంట్ల ఇనుమంత నీ ఒక్కని దగ్గరనే ఉన్నది పెద్దాయనా. ఇంట్ల ముందుగాల ఎవరు తింటరు?"

ఎవరు తింటారు? నేను తింటాను. నా తర్వాత కొడుకు. ఆ తర్వాత మనవరాలు. గుడ్ల కూర వండిన రోజు గుడ్లు మా ఇద్దరి దగ్గరే అయిపోతాయి. పిల్లకు పులుసు వస్తుంది, అత్తాకోడళ్లిద్దరికీ గిన్నె గోకిన అన్నం. నేను కంచం ముందు కూర్చుని పేపరు ముక్క చదువుకుంటూ తింటాను. లోపలి నుంచి "అయిందా?" అని మా ఆమె అడిగితే "ఆగు, ఇప్పుడే కూసున్న" అంటాను. అలా ఎన్ని వేల సార్లు అన్నానో. మా అమ్మ కూడా అందరి తర్వాతే తినేది. పొయ్యి అలికిన మట్టి చిటికెడు గిల్లి నోట్లో వేసుకునేది. ఆడవాళ్ల అలవాటు అనుకునేవాణ్ని. నాకు అంత జ్ఞాపకం ఉంది, ఆమె చెయ్యి, ఆ మట్టి వాసన అన్నీ జ్ఞాపకం ఉన్నాయి. అర్థం చేసుకోవడానికి మాత్రం దవాఖానలో వేలు పొడిపించుకోవాల్సి వచ్చింది.

"ఏడున్నర అంటే నువ్వు గుడ బలపాలు తింటానవా ఏందే?" అన్నాను భార్యతో, నవ్వించడానికి.

ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది.

"మరి గంత చిన్న పిల్ల ఒక్కతే సగం డబ్బ తిన్నదనుకున్నవా?"

ఇంటికొచ్చాక మనవరాలు కొట్టులోంచి ఒక పలక, దేవుడి గూట్లోంచి ఒక బలపం తీసుకుంది. బలపం మా ఇంట్లో నోటికి కాకుండా పలకకు తగలడం ఆ ఏడాది అదే మొదలు. అందరి అంకెలూ వరుసగా రాసి వంటింటి తలుపుకు వేలాడదీసింది. ఎవరి అంకె తక్కువైతే వాళ్లు ముందు తినాలి. పైన నానమ్మ. తర్వాత తను. తర్వాత వాళ్లమ్మ. ఆ తర్వాత, మర్నాడు తనూ వేలు పొడిపించుకుని పద్నాలుగు తెచ్చిన వాళ్ల నాన్న. అన్నిటికన్నా అడుగున, పెద్ద అక్షరాలతో, తాత.

"ఇదేం న్యాయం?" అని లేచాను. "షాపుల నిలవడి నిలవడి కాళ్లు గుంజుతయి నాకు. ముసలోణ్ని ఆఖరుకు కూసోబెడ్తరా?"

"పదిహేనున్నది గద తాత, ఫికర్ లేదు," అంది మనవరాలు.

గోలీ సాయంత్రం నుంచి మధ్యాహ్నం భోజనం తర్వాతకు మారింది. నిమ్మ, జామ ఇనుమును ఒంటికి పట్టిస్తాయని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి పిల్ల బడికి నిమ్మకాయ నీళ్ల సీసాతో పోయేది. సాయంత్రం నేను స్టవ్ వెలిగించడం మాని జామకాయ కోసి ఇచ్చేవాణ్ని. జామకాయ ఊదనక్కరలేదు కదా, చేతులు ఏం చేయాలో తోచక కొన్నాళ్లు దాన్నీ ఊదాను. తోటకూర, గుడ్లు, వారానికోసారి మేక కార్జం. ఇన్ని గిన్నెలు పొయ్యి మీద ఉడుకుతుంటే తెర ఇవతల వాసన చూస్తూ నా వంతు కోసం కూర్చునే బాధ పగవాడికి కూడా వద్దు.

ఆ రోజుల్లోనే వాము డబ్బా ఖాళీ చేస్తుంటే అడుగున పరిచిన కాగితం బయటపడింది. చిరిగిన అంచు చూడగానే గుర్తుపట్టాను. నా సగం పేజీకి రెండో సగం. 'కాబట్టి భోజనం తర్వాత మంచినీళ్లతో వేసుకోవాలి, టీ కాఫీలు తాగకూడదు' అని నల్లటి అక్షరాలతో ఉంది. నా కొట్టులోనే, నా మోచేతికి మూరెడు దూరంలో, వాము కింద. ఎవరి మీద కోప్పడాలో తెలియక పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వాము మీద కోపంగా ఉన్నాను.

ప్రయాణం ఇంకా మూడు రోజులు ఉందనగా మళ్లీ దవాఖానకు పోయాం. ఈసారి ఆటల మేడం కూడా వచ్చింది. పిల్ల వేలు చాచింది. మిషన్ కాసేపు ఆలోచించింది. నేను మిషన్‌ను అంత దగ్గరగా చూస్తుంటే నర్సు నా గడ్డం పట్టి వెనక్కి జరిపింది.

పది.

పాయింట్ ఏమీ లేదు. నిఖార్సయిన పది. పిల్ల మొహం మేడం వైపు తిరిగింది.

"పది దాటాలె అన్న నేను," అంది మేడం. ఆమె గొంతులో కూడా బాధే ఉంది. "పది అంటే దాటినట్టు కాదు గద."

"ఇంకో వేలు పొడువుండ్రి," అంది మనవరాలు, పది వేళ్లూ చాపి.

"పది వేళ్లల్ల ఇంకో వేలికి ఎక్కువుంటదా పిచ్చిదానా?" అంది నర్సు.

నాకు రోషం పట్టుకొచ్చింది. "మేడం," అన్నాను. "మీరు నా కొట్టుకు ఎన్నేండ్ల సంది వత్తాండ్రు?"

"ఎందుకిప్పుడు?"

"చెప్పుండ్రి. పావుకిలో పల్లీలు తూకమైనంక చెయ్యి చాపుతరు. కొసరు అంటరు. నేనేమన్న పావుకిలో అంటే పావుకిలోనే అన్ననా? కాంటా నిక్కచ్చిగ నిలవడ్డంక పిడికెడు పల్లీలు పైన ఏసిన్నా లేదా? వారం వారం ఏసిన. ఇయ్యాల నా పిల్ల కాంటా మీద నిక్కచ్చిగ నిలవడ్డది. నా కొసరు నాకియ్యిండ్రి."

డాక్టరమ్మ బల్ల మీద తల పెట్టుకుని భుజాలు ఊపుతోంది, ఏడుస్తోందనుకున్నాను, నవ్వుతోందట.

"నవ్వుడు కాదు, మీరు చెప్పుండ్రి డాక్టరమ్మా," అంది మేడం. "ఆడనియ్యొచ్చా?"

డాక్టరమ్మ కళ్లు తుడుచుకుని, పిల్ల కనురెప్ప లాగి చూసి, నాడి చూసి, గుండె విని, అక్కడే మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగమంది. పిల్ల దిగి వచ్చాక మళ్లీ గుండె వింది. "నెల దినాలల్ల రెండు దాక పెరిగింది, ఇంక పెరుగుతది. ఆడొచ్చు. ఆయాసమొస్తే ఎంబడే కూసోవెట్టుండ్రి. గోలీలు మాత్రం ఆపొద్దు, వచ్చినంక గుడ నెలలకు నెలలు ఏసుకోవాలె," అంది.

మేడం నోట్‌బుక్ తీసి ప్రశ్న గుర్తు కొట్టేసింది. "కొసరు అంటే నాకు ఇగ పల్లీలు అడగ బుద్ధయితదా పెద్దాయనా?" అని గొణిగింది. ఆ మాట ఆమె నిలబెట్టుకోలేదు. ఆ వారమే చెయ్యి చాపింది, నేను రెండు పిడికిళ్లు వేశాను.

కాజీపేట స్టేషన్‌కు అందరం పోయాం. పిల్ల కిటికీ పక్కన కూర్చుంది. రైలు కదలక ముందే ఎంత దూరం వచ్చామని పక్క పిల్లను అడుగుతోంది. సంచి నిండా జామకాయలు, గోలీల పట్టీ, నిమ్మకాయలు. నేను కిటికీ ఊచల్లోంచి చెయ్యి పెట్టి, "గోలీ ఏసుకున్నంక..." అని మొదలుపెట్టాను.

"చాయ్ తాగొద్దు తాత!" అని రైలు డబ్బాలోని పిల్లలందరూ ఒక్కసారి అరిచారు. అంటే జట్టు మొత్తానికి చెప్పేసింది. బజారుతో ఆగలేదు.

రెండు మ్యాచ్‌లు గెలిచి మూడోది ఓడిపోయి వచ్చారు. పిల్ల గుంజ పట్టుకుని గాలిలో దూకి ముగ్గురిని ఔట్ చేసిందని మేడం చెప్పింది. వచ్చిన సాయంత్రమే మా పందిరి గుంజ మీద ఎలా చేసిందో చూపిస్తానని ఉరికొచ్చి, ఉప్పు ప్యాకెట్ పెద్దమ్మను మళ్లీ ఔట్ చేసింది. ఈసారి నేను తిట్టలేదు.

మొన్న పిల్ల అంకె పదకొండు దాటింది. పలక దించి, వాళ్లమ్మ కింద తన పేరు రాసుకుని, వాళ్లమ్మను పైకి జరిపింది. మా ఆమె తొమ్మిదికి వచ్చింది గానీ ఇంకా మొదటి స్థానం వదల్లేదు. ఇది రాస్తున్నది భోజనం వేళలోనే. తెర అవతల కంచాల చప్పుడు వినిపిస్తోంది. ఈ రోజు గుడ్ల కూర. నాకు గుడ్డు మిగులుతుందో పులుసు మిగులుతుందో తెలియదు. ఇందాకటి నుంచి మూడుసార్లు "అయిందా?" అని అడిగాను.

"ఆగు," అంటోంది నా భార్య నమలుతూ. "ఇప్పుడే కూసున్న."